అంకమ్మ పుట్టింటివారు

"పీటల మీద నేనూ మీ అన్నయ్యగారూ కూర్చుంటాం. పెళ్ళికొడుకు కాళ్ళు కడగడం, కన్యాదానం అన్నీ మేం చూసుకుంటాం. నువ్వు లోపల వంటల దగ్గర ఉండు అంకమ్మా. అక్కడా మనిషి కావాలి కదా" అంది కోటేశ్వరి, పసుపు కొమ్ములు మూట కడుతూ.

పెళ్ళి పది రోజుల్లోకి వచ్చింది. తెలుగు ఊళ్ళకి సముద్రాల అవతల, ఈ రేవు పట్నపు బుకిట్ బటోక్‌లో ఆ ఫ్లాటు నిండా కొత్త చీరల వాసన, బెల్లం పాకం వాసన. అరిసెల పిండి కలుపుతున్న అంకమ్మ చెయ్యి అలాగే ఆగిపోయింది. కన్నకూతురి పెళ్ళి... ఒక్కగానొక్క కూతురి పెళ్ళి... ఆ పిల్లని ధారపోసే వేళ తల్లి గరిటె పట్టుకుని గోడ అవతల నిలబడాలట. ఆడపడుచు నోట ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో చూడండి, ఉప్పు అందుకోమన్నంత తేలిగ్గా. అంకమ్మ మొగుడి వైపు చూసింది. బసవయ్య కిటికీ పక్కన పేపరు పట్టుకుని ఉన్నాడు. ఆ పేజీ పొద్దుటి నుంచీ తిప్పలేదు. ఇప్పుడూ తిప్పలేదు, తల కూడా ఎత్తలేదు.

"అలా చూడకు" అంది కోటేశ్వరి. "నాకేం సరదా కాదు. పెళ్ళిచూపుల్లో ఒక మాట చెప్పుకున్నాం. ఆ మాట మీద నిలబడాలి."

ఏం మాటో చెప్పాలంటే ముందు అంకమ్మ ఎవరో చెప్పాలి. అంకమ్మ పుట్టింది చీనా కడుపున. పెరిగింది తెలుగు ఒడిలో. తంజోంగ్ పగార్ ఓడరేవులో మూటలు మోసిన మారయ్య, అతని భార్య అరుణమ్మ, పిల్లలు లేక ఎదురుచూసి ఎదురుచూసి, నెల బిడ్డగా ఆమెను తెచ్చుకున్నారు. అప్పట్లో ఆ రేవు కూలీల లైన్లలో అలాంటి ఇళ్ళు ఇంకా ఉండేవి. చీనా ఇంట ఆడపిల్ల బరువైతే తమిళుల ఇంటో తెలుగువాళ్ళ ఇంటో చేరేది. ఊరి దేవత పేరే పెట్టారు. చేతినిండా గాజులు, ముఖాన రూపాయంత బొట్టు, నూనె పెట్టి దువ్విన జడ. శ్రీరామనవమికి ఆవిడ గొంతెత్తి మంగళహారతి పాడితే పక్క బ్లాకుల వాళ్ళు కూడా తలుపులు తీసేవారు. ఆ పాట విని మనసు పడే బసవయ్య తల్లిదండ్రులతో పోట్లాడి మరీ చేసుకున్నాడు. ముఖం ఒక్కటి పక్కన పెడితే ఆవిడలో పరాయితనం ఎక్కడుందో ఎవరైనా చూపించమనండి.

కానీ మనుషులు ముందు చూసేది ముఖమే కదా.

కూతురు భువన కంప్యూటర్లు చదివింది. తాత మూటలు మోసిన చోటే ఇప్పుడు అద్దాల మేడలు లేచాయి. వాటిలో ఒకదాంట్లో ఉద్యోగం. ఆ రోజుల్లో హైదరాబాదు నుంచి కంప్యూటర్ కుర్రాళ్ళు వారానికో విమానం నిండా దిగేవారు. అలా దిగినవాడే నిశాంత్. పక్కపక్క కుర్చీల్లో పనిచేసి ఇద్దరూ ఇష్టపడ్డారు. వాళ్ళ అమ్మానాన్నలు శ్యామలాదేవి, సీతారామారావు పిల్లని చూడ్డానికి ఊరినుంచి వచ్చారు. ఫలహారాలయ్యాక పిల్లలిద్దరినీ కింద కాసేపు నడిచి రమ్మని పంపారు. అప్పుడు శ్యామలాదేవి అడిగింది, "అమ్మాయి తల్లిగారేరండీ, ఇంకా కనిపించలేదు" అని. సరిగ్గా అప్పుడే అంకమ్మ కాఫీ గ్లాసులతో బయటికి వచ్చింది.

కోటేశ్వరి రెప్ప వాల్చకుండా చెప్పేసింది. "వదినగారికి... అదే, మా తమ్ముడి భార్యకి ఒంట్లో బాగోలేదండీ, లోపల పడుకుంది. ఈవిడ మా పక్కింటావిడ. మాతో తిరిగి తిరిగి తెలుగు వచ్చేసింది."

"ఎంత చక్కగా చీర కట్టిందో" అని మెచ్చుకుంది శ్యామలాదేవి.

బసవయ్య నోరు తెరిచాడు... మూశాడు. అంకమ్మ కాఫీలు ఇచ్చింది. ఒక్క చుక్క ఒలకలేదు. వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో ఏడ్చింది. పిల్ల సంబంధం చెడకూడదని ఆ రోజు ఊరుకుంది. కానీ చూడండి, ఒక రోజు వంటింట్లోకి వెళ్ళిన మనిషిని ఎప్పటికీ అక్కడే ఉండమంటున్నారు.

"నా కూతురికి జరిగింది మర్చిపోయావా?" అంది కోటేశ్వరి. "మా కల్పనకి రాజమండ్రి సంబంధం అన్నీ కుదిరాక పోలేదూ? మేనమామ భార్య చీనా మనిషట, ఆ ఇంట్లో ఏం తింటారో ఏమో అన్నారు. అది ఇప్పటికీ పెళ్ళి మాటెత్తితే లేచి గదిలోకి వెళ్ళిపోతుంది. భువనకి కూడా అలా కావాలా?"

అప్పుడే తలుపు తీసుకుని భువన వచ్చింది. గుమ్మంలోనే విన్నట్టుంది, చెప్పులు విప్పడం మర్చిపోయి నిలబడిపోయింది.

"ఎవరు పక్కింటావిడ? అత్తా, వాట్ డిడ్ యు టెల్ దెమ్?"

పిల్ల ఒక్కొక్కరి ముఖమూ చూసింది. అర్థమైపోయింది.

"అమ్మా, నువ్వు కూడా ఊరుకున్నావా? ఎందుకు? నిశాంత్‌కి అన్నీ తెలుసు. వాళ్ళ అమ్మకీ తెలిసిందని, ఓకే అనుకున్నారని వాడు ఎంత హ్యాపీగా ఉన్నాడో. ఇప్పుడేం చెప్పను? మా అమ్మ ఈజ్ ద నైబర్ అని చెప్పనా?" బ్యాగు సోఫాలో విసిరేసి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

అంకమ్మ పిండి చేతులు కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంది. "కాసేపట్లో వస్తాను" అని మాత్రం అంది. ఎక్కడికని బసవయ్య అడగలేదు. ఆవిడ చెప్పలేదు.

మనసు అంతగా విరిగినప్పుడు ఆడది తల్లి దగ్గరికే పోతుంది. పెంచిన తల్లి అరుణమ్మ పోయి చాలాకాలమైంది. కన్నతల్లి మాత్రం ఉంది. పేరు యింగ్. చైనాటౌన్‌లో ఒకే గది ఉన్న అద్దె ఫ్లాటులో, తనలాంటి మరో ముగ్గురు ముసలమ్మలతో. అరుణమ్మ ఏనాడూ దాచలేదు. "నిన్ను కన్నావిడ వచ్చింది, దణ్ణం పెట్టు" అనే చెప్పేది. చీనా కొత్త సంవత్సరానికి యింగ్ రెండు నారింజలు పట్టుకుని రేవు లైన్లకి వచ్చేది, పిల్లని చూసి పోయేది. తల్లికి తెలుగు రాదు, కూతురికి చీనా రాదు. ఇద్దరికీ వచ్చిన, బజార్లో అందరూ మాట్లాడే మలయ్‌లోనే జీవితమంతా మాట్లాడుకున్నారు.

యింగ్‌కి ఎనభై నిండాయి. జీవితమంతా ఇళ్ళు కట్టే చోట కావడితో మట్టి మోసిన భుజాలు ఒక పక్కకి వంగిపోయాయి. కూతురు చెప్పిందంతా విన్నది. మిగతా ముసలమ్మలు కూరగాయలు తరుగుతూనే చెవులు ఇటే పెట్టారు.

"నిన్ను ఎందుకిచ్చానో నీకు తెలుసా?" అని అడిగింది చివరికి.

"నాన్నని ఓడెక్కించారని. నన్ను సాకలేక."

"సాకలేక కాదు." యింగ్ తల అడ్డంగా ఊపింది. "మీ నాన్న రబ్బరు ఫ్యాక్టరీలో పనివాళ్ళందరినీ కూడగట్టాడు. కూలి అడిగారు. పిల్లలకి బడి అడిగారు. తెల్లదొరల పోలీసులొచ్చి, నువ్వు చైనాలో పుట్టావు, చైనాకే పో అన్నారు. ఎన్నేళ్ళు ఉంటే ఏం, ఎంత మోస్తే ఏం... ఈ ఊళ్ళో మాకు మాటే లేదు అప్పుడు. ఓటు లేదు. ఉండొచ్చన్న భరోసా లేదు. పొద్దున పనికి పోయినవాడు సాయంత్రానికి ఓడ మీద ఉండేవాడు. ఉత్తరం కూడా రాలేదు మళ్ళీ." "నన్నూ ఎక్కిస్తారని చెప్పుకున్నారు. నన్ను ఎక్కిస్తే నీతో సహా ఎక్కిస్తారు. నువ్వు పుట్టింది ఈ నేల మీద. అరుణమ్మ ఒళ్ళో ఉంటే నిన్ను ఎవరూ లాగరు. అందుకిచ్చాను. నువ్వు ఇక్కడ ఉండాలని."

అంకమ్మ ఇన్నేళ్ళూ తనని బరువై వదిలించుకున్నారనే అనుకుంది. ఆ బాధని ఎవరికీ చెప్పలేదు, తనలోనే దాచుకుంది... ఎంత అన్యాయంగా దాచుకుంది!

"మరి నిన్ను ఎక్కించలేదా?" అని అడిగింది మెల్లగా.

"దాక్కుంటే ఎక్కించేవాళ్ళేమో" అంది మూల నుంచి ఒక ముసలమ్మ. అందరూ నవ్వారు.

"దాక్కోలేదు" అంది యింగ్. "మట్టి మోసి పొండి అన్నారు. మోస్తాం, ఉంటాం అన్నాం. పెద్ద పెద్ద చీనా వర్తకులు సభలు పెడితే, పని బట్టల్లోనే పోయి వెనక నిలబడేవాళ్ళం. అర్జీల మీద వేలిముద్రలు వేశాం. ఏళ్ళు పట్టింది. చివరికి చట్టం మారింది. చాలాకాలంగా ఇక్కడున్నవాళ్ళు ఈ దేశపు మనుషులు కావచ్చన్నారు. ఆ రోజు ఊరంతా వరసలోనే ఉంది. నేను కూలి మానుకుని, ఎర్ర తలగుడ్డ కట్టుకుని నిలబడ్డాను. ఎండలో ఇద్దరు పడిపోయారు. లేచి మళ్ళీ వరసలోనే నిలబడ్డారు." ఆవిడ కూతురి చెయ్యి పట్టుకుంది. ఆ అరచెయ్యి ఇప్పటికీ చెక్కలాగే ఉంది. "నేను అంతసేపు నిలబడింది నువ్వు వంటింట్లో నిలబడడానికి కాదు."

అంకమ్మ ఆ రాత్రి నిద్రపోలేదని వేరే చెప్పాలా. తెల్లవారి అరిసెలు డబ్బాలో పెట్టుకుని, రైలెక్కి, దిగి, బస్సెక్కి సెంగ్‌కాంగ్ వెళ్ళింది. అక్కడ కొత్తగా లేచిన ఫ్లాటుల్లో నిశాంత్ ఇల్లు. తలుపు తీసే ఉంది. శ్యామలాదేవి వంటింటి కిటికీ దగ్గర వెదురుగడతో కుస్తీ పడుతోంది. ఇక్కడి ఫ్లాటుల్లో బట్టలు వెదురుగడలకి తొడిగి కిటికీ బయట గొట్టాల్లో గుచ్చి ఆరేస్తారు కదా. గడ నిండా తడి చీరలు. బరువుకి అది కిందికి జారుతోంది.

అంకమ్మ గబగబా వెళ్ళి గడ పట్టుకుంది. ఇద్దరూ కలిసి గొట్టంలో దింపారు.

"అమ్మయ్య. కింద ఎవరి నెత్తిన పడుతుందో అని ప్రాణం పోయిందండీ" అని ఆయాసపడుతూ చూసింది శ్యామలాదేవి. "మీరు... పక్కింటావిడ కదూ?"

"కాదండీ. భువన తల్లిని."

శ్యామలాదేవి ముందు నవ్వబోయింది. తరవాత నవ్వు ఆగిపోయింది. కుర్చీలో కూర్చుంది, అంకమ్మని కూర్చోమనలేదు. అంకమ్మ నిలబడే అంతా చెప్పింది. ఎవరి మీదా నేరం వెయ్యలేదు. కోటేశ్వరి కూతురి సంగతి కూడా చెప్పింది, ఆవిడ భయంకొద్దీ చేసిందని.

"మా వియ్యపురాలి చేత కాఫీ తెప్పించుకుని, చీర బాగా కట్టావని మెచ్చుకున్నానన్న మాట" అంది శ్యామలాదేవి. ముఖం ఎర్రబడింది. "మీరేమైనా అనుకోండి, నాకు ముందు ఒళ్ళు మండుతున్నది ఆ అబద్ధానికి. నన్ను అంత చిన్నమనిషిని అనుకున్నారా మీరంతా?" కాసేపు చీర అంచు నలుపుతూ కూర్చుంది. "అలాగని నిజం చెబితే ఎగిరి గంతేసేదాన్నని కూడా చెప్పను. మా వాళ్ళు రేపు దిగుతారు. మా తోడికోడళ్ళ నోళ్ళు మీకు తెలియవు. పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మేనమామ మోసుకురావాలి కదా, ఏరీ తల్లి వైపు వాళ్ళు, ఒక్కరూ లేరేం అంటారు. ఏం చెప్పను? పుట్టింటి దిక్కు లేని తల్లి అని చెప్పనా?"

ఆ మాట అంకమ్మకి గుండెలో గుచ్చుకుంది. ఎందుకంటే పెళ్ళికి పిలవాల్సినవాళ్ళలో యింగ్ పేరు తనే చేర్చలేదు. ఆడపడుచు తనని దాచిందని ఏడ్చిన మనిషి, తన తల్లిని తనే దాచింది. ఎందుకొచ్చిన గొడవ, తరవాత వెళ్ళి అరిసెలిచ్చి వద్దాంలే అనుకుంది. నిన్న ఆ తల్లి, నన్ను పిలవవా అని ఒక్క మాట కూడా అడగలేదు...

"నాకు పుట్టిల్లు ఉందండీ" అంది అంకమ్మ. "మా అమ్మ ఉంది. ఆవిడతో ఉన్నవాళ్ళున్నారు. నాకు అన్నదమ్ములు లేరు. వాళ్ళే మోస్తారు నా బిడ్డని."

"ఆడవాళ్ళా? ఆడవాళ్ళు మోయడమేమిటండీ?"

"వాళ్ళు జన్మంతా చేసింది మోయడమేనండీ. మీరుంటున్న ఈ ఊరి పునాదుల్లో మట్టి చాలా వరకు వాళ్ళు మోసిందే." "మీకు ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పండి. నా కూతురు ఏడుస్తుంది, నేను దగ్గర కూర్చుంటాను. కానీ పెళ్ళంటూ జరిగితే పీటల మీద నేను కూర్చుంటాను. ఇంక వంటింట్లోకి వెళ్ళను."

"మావారితో మాట్లాడాలి" అంది శ్యామలాదేవి. గుమ్మం దాకా మాత్రం వచ్చింది.

ఇంటికొచ్చి జరిగింది చెప్పగానే కోటేశ్వరి నెత్తీ నోరూ బాదుకుంది. "చేజేతులా తగలబెట్టుకున్నావు కదే పిల్ల బతుకు" అని ఏడ్చింది. భువన మాత్రం వచ్చి తల్లి పక్కన నేల మీద కూర్చుని, భుజం మీద తల పెట్టింది. "ఏమైనా పర్లేదమ్మా" అంది. ఆ పిల్ల చెయ్యి చల్లగా ఉంది. పైకి ఎన్ని చెప్పినా లోపల ఎంత భయపడుతోందో తల్లికి తెలియదూ? ఆ రాత్రి ఫోను మోగలేదు. అన్నం గిన్నెలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

మర్నాడు పొద్దున్నే తలుపు చప్పుడైంది. తీసింది కోటేశ్వరే. ఎదురుగా శ్యామలాదేవి, వెనక సీతారామారావు. చేతిలో కుంకుమ భరిణె, చీర, పళ్ళు.

"మా వియ్యపురాలికి ఒంట్లో బాగోలేదన్నారు కదా. ఇప్పుడు కులాసాగా ఉన్నారని తెలిసింది, బొట్టు పెట్టి వెళ్దామని వచ్చాం" అంది శ్యామలాదేవి.

కోటేశ్వరి తల దించుకుంది. శ్యామలాదేవి నేరుగా లోపలికి వెళ్ళి అంకమ్మ ముఖాన బొట్టు పెట్టి, చీర చేతిలో పెట్టింది. "రాత్రంతా వాదించుకున్నామండీ. మావారు ఒక్కటే అన్నారు, కూతురి కోసం ఒంటరిగా ఇంత దూరం వచ్చి నిలబడిన మనిషి కడుపున పుట్టిన పిల్ల మనింటికొస్తే మంచిదే కదా అని. మా తోడికోడళ్ళ సంగతి నేను చూసుకుంటాను. మీ పుట్టింటివారిని మాత్రం మర్చిపోకుండా పిలవండి."

అప్పుడు బసవయ్య కుర్చీలోంచి లేచాడు. అందరి ముందూ భార్య దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "ఆ రోజు నేను చెప్పాల్సిన మాట నువ్వు వెళ్ళి చెప్పావు" అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అక్కా, పీటల మీద మేమిద్దరం కూర్చుంటాం. నువ్వేం అనుకోకు. ఇంక ఈ మాట మీద మాట లేదు."

కోటేశ్వరి ఆ పూటే సామాను సర్దుకుని తన ఇంటికి వెళ్ళిపోయింది.

పెళ్ళిరోజు గుడి మండపం కిటకిటలాడింది. పట్టుచీరలో అంకమ్మ మొగుడి పక్కన పీటల మీద కూర్చుంది. అల్లుడి కాళ్ళు కడుగుతుంటే ఆవిడ పోసిన నీళ్ళ ధార సన్నగా, తెగకుండా పడింది. కోటేశ్వరి వచ్చింది కానీ చివరి వరసలో, ఎటో చూస్తూ కూర్చుంది. పురోహితుడు పెళ్ళికూతుర్ని తీసుకురమ్మని కేకేశాడు.

నలుగురు ముసలమ్మలు లోపలి గది గుమ్మంలో కనిపించారు. ఉతికి మడత పెట్టిన నల్లని చొక్కాలు, నల్లని లాగులు. పనికి పోయే రోజుల్లో కట్టుకున్నట్టే నెత్తిన ఎర్ర తలగుడ్డలు. అందరిలో చిన్నదానికి డెబ్భై దాటాయి. బుట్టకి తాళ్ళు కట్టి, కావడిబద్దకి తగిలించి, అటిద్దరు ఇటిద్దరు భుజాలకెత్తారు. బుట్టలో పెళ్ళికూతురు భువన, చేతిలో కొబ్బరిబొండం, కన్నీళ్ళతో నవ్వు. శ్యామలాదేవి తోడికోడళ్ళు నోళ్ళు తెరిచి చూస్తున్నారు. కుర్రాళ్ళు సాయానికి రాబోతే యింగ్ చెయ్యి ఊపి పొమ్మంది. మట్టి మోసే రోజుల్లో పాడుకున్న పదమేదో సన్నగా అందుకుంది. మిగతా ముగ్గురూ కలిపారు. ఆ పదానికి అడుగు, అడుగుకి పదం...

మండపం మెట్ల దగ్గరికి వచ్చేసరికి యింగ్ మోకాలు వంగింది. బద్ద ఒక పక్కకి ఒరిగింది. బుట్ట ఊగింది. సభంతా అయ్యో అంది. పీటల మీద నుంచి అంకమ్మ అది చూసింది. ఇంక ఏం ఆలోచించలేదు, తల్లి దగ్గరికి పరుగెత్తాలని చీర కుచ్చిళ్ళు పట్టుకుని లేవబోయింది.

వెనక వరసలోంచి ఎవరో జనాన్ని తోసుకుంటూ వచ్చారు. కోటేశ్వరి. పట్టు కొంగు నడుముకి బిగించి, యింగ్ పక్కన దూరి, ఒరిగిన బద్ద కింద తన భుజం పెట్టింది. బరువుకి పళ్ళు బిగించింది. బుట్ట సరిగ్గా నిలబడింది. యింగ్ ఆవిడ వైపు చూసి, పద అన్నట్టు తల ఊపి, మళ్ళీ పదం అందుకుంది.

కోటేశ్వరి మెట్టెక్కుతూ, ఆయాసపడుతూ, అప్పుడు చూసింది మరదలి వైపు.

"నువ్వు లేవకు అంకమ్మా" అంది. "మేం తెస్తున్నాం కదా. నువ్వు కూర్చో."